రాగి చేయని పని

ఫిబ్రవరి 9

డెబ్బై ఆరు.

నా తృప్తి కోసం ఇంకోసారి రాసుకుంటాను. నూటికి డెబ్బై ఆరు. ముసలి రియాక్టర్‌లో పోసిన గ్లిజరాల్‌లో అంత భాగం మారిపోయింది, మారినదాంట్లో ఎక్కువ గ్లైకాలే. దగ్గు మందుల్లో, ముఖానికి రాసుకునే క్రీముల్లో పోసే సరుకు. పోయిన ఏడాదంతా చిన్న రియాక్టర్‌లో ఇదే రాగితో తల బద్దలు కొట్టుకుంటే పది, పదకొండు దాటలేదు. ఈసారి అల్యూమినా పొడిని రాగి ద్రావణంలో నానబెట్టాక నిదానంగా ఆరబెట్టాను. కొలిమిలో కూడా తొందరపడలేదు. అదీ మహిమ.

ల్యాబులో నాకు ముందున్న పెద్దాయన రిటైరవుతూ తన గదితో పాటు ఈ ముసలి స్టీల్ రియాక్టర్‌నీ నా నెత్తిన పెట్టి వెళ్ళినప్పుడు తిట్టుకున్నాను. మూత బిగించాలంటే భుజాలు ఊడొస్తాయి. ఈ రోజు మాత్రం దాన్ని కావలించుకోవాలనిపించింది.

కింద ఇంట్లోకి వెళ్ళి చెప్పగానే అక్క "అయితే మంచిదేనా?" అంది. బావ మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఫిబ్రవరి 12

మళ్ళీ డెబ్బై ఐదు.

గ్రాఫ్‌లో గ్లైకాల్ పక్కన చిన్న పీక్ ఒకటి ఉంది. రాగి అణువును నడిమికి విరవదు, ఇది విరిగితే వచ్చే ముక్కలా ఉంది. పరీక్ష యంత్రంలో కాలమ్ గొట్టం పాతబడి తప్పు చూపిస్తున్నట్టుంది. మార్చమని రాసి పెట్టాను.

ఫిబ్రవరి 18

వాడిన పొడినే కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వేశాను. మూడో వాడకం. డెబ్బై ఆరు. నాలుగోది డెబ్బై ఏడు!

ఎవరి క్యాటలిస్ట్ అయినా వాడేకొద్దీ మొద్దుబారుతుంది. నాది వాడేకొద్దీ పదునెక్కుతోంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ పిల్ల నిజంగానే ముద్దుగా ఉంది.

ఫిబ్రవరి 24

పొడి సగమే వేశాను. అదే ఫలితం. సగం ఖర్చుతో అదే పని! డైరెక్టర్ గదిలోకి పిలిచి మరీ కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఆయన ముందు నేను నిలబడే మాట్లాడాను.

ఫిబ్రవరి 26

పేపర్ రాయాలంటే క్యాటలిస్ట్ లేకుండా ఒకసారి ఖాళీగా నడిపి చూపించాలి. ముసలిది వారమంతా నా రన్‌లతోనే నిండి ఉంది, ఆపబుద్ధి కాలేదు. చిన్నదాంట్లో నడిపాను. సున్నా. ఏమీ మారలేదు.

రెండూ స్టీలే. దేంట్లో నడిపితే ఏం.

మార్చి 1, ఆదివారం

భోజనాల దగ్గర బావ అడిగాడు, "సైంటిస్టమ్మా, నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నీ పొడి అసలేం చేస్తుంది?"

"పెళ్ళిళ్ళ పేరయ్య చేసే పనే బావా. గ్లిజరాల్‌నీ హైడ్రోజన్‌నీ ఒక చోట కూర్చోబెట్టి, మాట కలిపి, తను పక్కకు తప్పుకుంటుంది. మళ్ళీ ఇంకో జంట."

"తను అరగదా?"

"అరగదు."

"అదృష్టవంతురాలు" అంది అక్క, మా ఇద్దరి కంచాలూ తీస్తూ.

బావ నవ్వలేదు. వాడిన నూనెతో డీజిల్ చేసే షెడ్డు పెట్టినప్పటి నుంచి, డీజిల్ తీశాక మిగిలే గ్లిజరాల్ డ్రమ్ములు ఆయన్ను మింగుతున్నాయి. డీజిల్ చేసే ప్రతివాడి దగ్గరా అదే జిగురు, కొనేవాడు లేడు. గోడ పక్కన పేర్చి, దారిలో పేర్చి, ఇప్పుడు ఆఫీసు గదిలో బల్ల కింద కూడా ఒక డ్రమ్ము ఉంది. ఇన్నాళ్ళూ సబ్బు షెడ్డే డీజిల్ షెడ్డును సాకింది. ఇప్పుడు ఆ సబ్బు షెడ్డునే ఖాళీ చేసి, కాగులు తీయించేసి, అక్కడ నా పొడితో నడిచే యూనిట్ పెడతానంటాడు.

"కాగులు మామగారివి కదా" అన్నాను.

"నాన్న ఉంటే తనే పీకించేవాడు. నీ మాట మీద ఆగాను. నువ్వు 'ఊ' అను, చాలు."

నేను ఈ ఇంటికి అక్క వెంట వచ్చిన కొత్తలో లెక్కల్లో పన్నెండు మార్కులు తెచ్చుకున్నాను. బావ తిట్టలేదు. సబ్బు షెడ్డులో బస్తా మీద కూర్చోబెట్టి ఏడాదిపాటు రోజూ లెక్కలు చెప్పాడు. పెద్ద కాగు ఉడుకుతుంటే ఆ వేడికి నోటుపుస్తకం అంచులు పైకి లేచేవి. నా చదువంతా ఆ కాగు పక్కనే మొదలైంది.

"కానివ్వు బావా" అన్నాను.

మార్చి 4

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బావ అప్పుడే గ్లైకాల్ డబ్బాకు ఏ రంగు మూత బాగుంటుందని అడుగుతున్నాడు. నీలం అన్నాను.

మార్చి 10

రెండు చిన్న కాగులూ కోయించారు. సబ్బు మేస్త్రి ఏమీ అడగలేదట, తను కలిపే చెక్క తెడ్డు మాత్రం ఇమ్మన్నాడట. ఇచ్చి పంపానని బావ చెప్పాడు. వేరే కంపెనీలో చేరతాడట. అక్కడ తెడ్డు ఉండదు, మర ఉంటుంది. మరి ఏం చేసుకుంటాడో.

పెద్ద కాగు వచ్చే వారం.

మార్చి 12, గురువారం

ముసలిదాంట్లో గ్లిజరాల్, నీళ్ళు పోస్తుండగా బావ ఫోన్. యూనిట్ తలుపు రోడ్డు వైపు పెట్టాలా, వెనక వైపా? అరగంట మాట్లాడాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో స్పానరు. బోల్టులు బిగించి, హైడ్రోజన్ ఎక్కించి వదిలేశాను.

సాయంత్రం ఫలితం: డెబ్బై ఎనిమిది. ఇప్పటిదాకా ఇదే ఎక్కువ.

మార్చి 13, శుక్రవారం

పొడి పొట్లం, చెమ్మ తగలకుండా పెట్టిన డెసికేటర్ గాజు డబ్బాలోనే ఉంది.

తూచి, మడిచి, పైన నిన్నటి తేదీ వేసి పెట్టిన పొట్లం. నా చేతిరాతే. విప్పి తూచాను. గింజ కూడా తగ్గలేదు.

మార్చి 14

ఉదయం నుంచి ఆలోచించాను. అంతకుముందు రన్‌ల పొడి అడుగున మిగిలి ఉంటుంది. మూలల్లో, స్టిరర్ రెక్కల సందుల్లో. రాగి కదా, కొంచెం ఉన్నా చాలు. సగం వేసినా అంతే వచ్చిందిగా, మరి ఇంకా తక్కువ వేసినా అంతే వస్తుంది. అంటే నా క్యాటలిస్ట్ నేననుకున్నదానికన్నా బలమైనదన్న మాట.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడట. పైన రాసినదాన్ని మళ్ళీ చదివితే ఆ సామెతే గుర్తొచ్చింది. అయినా కొట్టివేయలేదు. కాకూడదని లేదు.

మార్చి 15, ఆదివారం

బావ పొద్దున్నే సబ్బు షెడ్డుకు వెళ్ళి సాయంత్రం వచ్చాడు. పెద్ద కాగు లోపలికి దిగి గోడలు తనే గీకాడట. ఆఖరి సబ్బు. బూడిద రంగు తిరిగిన రేకులు ఒక సంచిలో తెచ్చి అక్క చేతికిచ్చాడు.

"ఇదేం చేసుకోను?" అంది అక్క.

"ఉంచు."

రేపు పదకొండింటికి గ్యాస్ కట్టర్ వాడు వస్తాడు.

ఇప్పుడే కిందికి వెళ్ళి "బావా, నాలుగు రోజులు ఆపు" అంటే చాలు. కారణం కూడా అడగడు. కానీ ఏమని చెప్పను? నాకే రూఢిగా తెలియనిది చెప్పి ఆయన్ను బెదరగొట్టడం ఏం న్యాయం? రేపు ల్యాబుకు వెళ్ళగానే స్టిరర్ విప్పి, అంతా కడిగి, ఖాళీగా నడుపుతాను. సున్నా వస్తే గొడవే లేదు. రాకపోతే అక్కడి నుంచే ఫోన్ చేస్తాను.

రేపు చెప్తాను.

మార్చి 16

రన్‌కు ఆరు గంటలు పడుతుందని నాకు తెలియదా? పదకొండుకు ముందు ఎలా తెలుస్తుందనుకున్నాను?

తెలుసు. నిన్న అది రాస్తున్నప్పుడూ తెలుసు.

పెద్ద కాగు కోసేశారు.

మార్చి 17

స్టిరర్ విప్పాను. ప్రతి రెక్కా, ప్రతి సందూ బ్రష్‌తో తోమాను. కడిగిన నీళ్ళలో రాగి జాడ లేదు. ముసలిది, గ్లిజరాల్, నీళ్ళు, హైడ్రోజన్. ఇంకేమీ లేదు.

డెబ్బై ఏడు.

మార్చి 18

చేతులు కాలాక ఆకులు. పెద్దాయనకు ఫోన్ చేశాను. మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడట, పైపు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"సార్, మీరు ముసలిదాంట్లో ఏం నడిపేవారు?"

"రుథేనియం అమ్మా. పదేళ్ళు దాంతోనే గడిపా కదా. ఏం, ఏమయింది?"

"గోడకు ఏమైనా అంటుకుని ఉండే అవకాశం ఉందా సార్?"

పైపు చప్పుడు ఆగింది. కుళాయి కట్టేశాడనుకుంటాను.

"ఉండొచ్చు. రుథేనియం మొండి ఘటం. నీళ్ళకి పోదు, ఆమ్లానికీ లొంగదు. గోడ మీద పొరలా పట్టేసి తన పని తాను చేసుకుంటూ పోతుంది. నువ్వు ఖాళీగా నడిపి చూడలేదా?"

"చూశాను సార్."

"ముసలిదాంట్లోనా?"

"చిన్నదాంట్లో సార్."

"అరెరే" అన్నాడు. కోపంగా కాదు. ఇంట్లో ఎవరికో జ్వరం అని విన్నట్టు అన్నాడు. "నేనైనా వెళ్ళేముందు చెప్పాల్సింది. నేనెప్పుడూ మంచి ఫలితాలే చూశా. అనుమానం ఎందుకొస్తుంది?" మళ్ళీ తనే, "పక్కన చిన్న పీక్ ఒకటి వచ్చి ఉండాలే. విరిగిన ముక్క. రాగి అయితే రాదది" అన్నాడు.

వచ్చింది సార్. కాలమ్ మార్చమని రాసి పెట్టాను సార్. ఈ మాటలు పైకి అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

సొమ్మొకడిది, సోకొకడిది. ఇన్నాళ్ళూ పని చేసింది ఆయన పదేళ్ళు. పేరు పెట్టుకుని ముద్దు చేసింది నేను.

మార్చి 19

చెప్పాను.

సబ్బు షెడ్డులోనే చెప్పాను, వేరే చోట చెప్పడానికి నోరు రాలేదు. కాగులు ఉన్నచోట నేల మీద మూడు గుండ్రటి మచ్చలు ఉన్నాయి, పెద్దది మధ్యలో. కోసిన రేకులు గోడకు ఆనించి ఉన్నాయి. బావ వాటి మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"అంటే పొడి కాదు, గిన్నె."

"గిన్నె గోడకు పట్టిన పూత బావా."

"అయితే ఆ పూతే పూయించుకుందాం. గిన్నె పని చేస్తోందిగా?"

"అది ఎక్కడో కొంచెం దొరికే లోహం, మనం పెట్టుకోలేం. పైగా ల్యాబులో నేను వాడింది శుద్ధమైన గ్లిజరాల్. నీ డ్రమ్ముల్లోది ఉప్పు కలిసిన జిగురు. అది తగిలితే ఆ పూత చచ్చిపోతుంది. నా రాగి అయితే తట్టుకుంటుందనే కదా ఇదంతా..."

వాక్యం పూర్తి కాలేదు. ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

బావ రేకుల మీది చెయ్యి తీసి తుడుచుకున్నాడు. తర్వాత, మామూలు గొంతుతోనే, "ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

"నిన్న" అన్నాను.

ఆయన తల ఊపాడు. "మూడు రోజుల ముందు తెలిసుంటే పెద్దదన్నా మిగిలేది. ఏం చేస్తాం, మన రాత" అన్నాడు.

మార్చి 20

పెద్దాయనతో మాట్లాడాకే రూఢి అయింది. అది మొన్న. బావకు చెప్పేనాటికి నిన్నే. కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు.

మార్చి 21

అబద్ధం కాదు.

మార్చి 27

డైరెక్టర్‌కు చెప్పాను. పేపర్ వెనక్కి తీసుకున్నాం. కుర్చీ చూపించలేదు.

ఏప్రిల్ 2

వర్క్‌షాపులో ముసలిదాని లోపలి గోడ అరగదీయించాను. ఫిట్టర్ ఎమరీ కాగితాలు మార్చి మార్చి రుద్దాడు. అడుగున చేరిన నల్లటి దుమ్మును గుడ్డతో తుడిచి, "ఇదేనా మేడమ్ మీరు తీయమంది?" అని చూపించాడు. పెద్దాయన పదేళ్ళు ఒక గుడ్డకు సరిపోయాయి. లోపల అద్దంలా మెరుస్తోంది. ఖాళీగా నడిపాను. సున్నా.

రేపు నా పొడితో నడుపుతానంటే బావ తనూ వస్తానన్నాడు. "నా కళ్ళతో చూడాలి."

ఏప్రిల్ 3

బావ ల్యాబులోకి రావడం ఇదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి వచ్చాడు. వద్దు బావా, ఇక్కడ వేసుకోవాలి అంటే మళ్ళీ వెళ్ళి వేసుకున్నాడు. ముసలిదాని ముందు స్టూలు వేసుకుని, ఆరు గంటలూ లేవకుండా కూర్చున్నాడు. కాగు ఉడుకుతున్నప్పుడు సబ్బు షెడ్డులో అలాగే కూర్చునేవాడు. చూడటానికి అక్కడ ఏమీ లేదు, ఒక ముల్లు, ఒక దీపం. మధ్యలో ఒకసారి, "ఇది వాసన రాదే?" అన్నాడు.

"రాదు బావా. మూత గట్టిగా ఉంటుంది."

"సబ్బు అయితే వాసనతోనే తెలిసిపోయేది."

నా మనసులో ఒక పిచ్చి ఆశ ఉండింది. పొడి ఎంతో కొంత పని చేస్తుందని, నలభై వచ్చినా చాలని, ముప్పై వచ్చినా చాలని. గ్రాఫ్ ఎక్కుతుంటే ఆయన కన్నా నేనే ముందుకు వంగాను.

పదకొండు.

"పదకొండంటే?" అన్నాడు బావ.

"నూటికి."

కాస్త ఆలోచించి, "అప్పుడు లెక్కల్లో పన్నెండు తెచ్చావు. ఈసారి ఇంకొకటి తగ్గింది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను నవ్వాను కూడా. చిన్న పీక్ మాత్రం ఈసారి లేదు. రాగి తన పదకొండూ నిజాయితీగా చేసింది.

ఇంటికి బస్సులో వచ్చాం. దిగేటప్పుడు నా సంచి తనే పట్టుకున్నాడు.

ఏప్రిల్ 8

డీజిల్ షెడ్డు కూడా మూస్తున్నాడు. సాకే షెడ్డు పోయాక ఇది ఎలా నిలుస్తుంది? బావ తనకు తెలిసినవాళ్ళ గోదాములో మేనేజరుగా చేరతాడు. ఈ వయసులో ఇంకొకరి గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి వెళ్ళాలి. అక్క ఆయన చొక్కాలన్నీ తీసి ఇస్త్రీ చేసింది. ఇన్నాళ్ళూ సబ్బు మరకల చొక్కాలతోనే గడిపాడు, ఇస్త్రీ చేస్తే తొడుక్కునేవాడు కాదు.

ఏప్రిల్ 11

అక్క పై గదికి వచ్చింది. ఉతికిన దుప్పటి ఇవ్వడానికట. ఇచ్చాక వెళ్ళలేదు. కిటికీ దగ్గర నిలబడి నా వైపు చూడకుండా అడిగింది.

"పెద్ద కాగు కోసే ముందు శుక్రవారం నువ్వు కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయావు. అప్పుడే తెలుసు కదూ?"

"ఏ శుక్రవారం?"

"నాతో ఆటలాడకే."

దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచాను. అక్క చూస్తూ నిలబడింది. తను నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, అమ్మ పోయాక నాకు జడ వేసింది తనే. తన దగ్గర నేను ఎప్పుడూ ఏదీ దాచలేకపోయాను.

"అనుమానం వచ్చిందక్కా. రూఢిగా తెలియదు."

"ఆగమని ఒక్క మాట అనలేకపోయావా?"

"రేపు చెబుదామనుకున్నాను."

అక్క కిటికీ రెక్క వేసి అంది, "ఆయనకు చెప్పకు. కాగు పోయిందని ఏడవలేదు, ఫ్యాక్టరీ పోయిందని ఏడవలేదు. నువ్వు దాచావంటే తట్టుకోలేరు. నువ్వంటే ఆయనకు..." అని ఆగి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించి ఉన్నా బాగుండేది.

ఏప్రిల్ 12

అక్క వద్దంది కాబట్టి చెప్పడం లేదు. నా కోసం కాదు.

ఏప్రిల్ 19, ఆదివారం

మా ఇంట్లో సబ్బుకు కాగితం ఎప్పుడూ ఉండేది కాదు. అచ్చు సరిగా పడనివి, కొసలు విరిగినవి, ఒక పక్క లావు ఒక పక్క సన్నం. దుకాణానికి పోనివన్నీ ఇంటికే వచ్చేవి. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో కూడా బావ వంకర ముక్కల పొట్లం పంపేవాడు, స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. పేరున్న సబ్బు నా చేతికి చుట్టాలిళ్ళలోనే తగిలింది.

పోయిన వారం ఆఖరి ముక్క అరిగిపోయింది. ఆ తర్వాత అక్క, సంచిలో దాచిన ఆ బూడిద రేకుల్ని నీళ్ళతో ముద్ద చేసి నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. అవీ అయిపోయాయి.

ఈ ఉదయం మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళాను. అక్క కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చేతిలో కొత్త సబ్బు. చింపిన కాగితం కొంగు కింద దాచుకుంది గానీ అంచు కనిపిస్తూనే ఉంది. సబ్బు మూలలు చెక్కుతోంది. ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా, ఒక కొస విరిగినట్టు. మీద అచ్చు పడిన కంపెనీ పేరును కత్తి మొనతో గీకుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"చెక్కినవి పారేయకు, బట్టలకు పనికొస్తాయి" అని మాత్రం అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు.

కాసేపటికి బావ ఆ ముక్కతోనే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. సబ్బుల మధ్యే పుట్టి పెరిగిన మనిషి. వాసన చూసి నూనె ఏదో చెప్పేవాడు, వేలితో నొక్కి ఎన్నాళ్ళ కిందటిదో చెప్పేవాడు.

"ఈ ముక్క ఎక్కడిది?" అన్నాడు.

"అటక మీద డబ్బాలో ఉంది. పెద్ద కాగుదే" అంది అక్క, స్టవ్ వైపు తిరిగి.

"అదే అనుకున్నా. బాగా ఉడికింది" అన్నాడు బావ.

తర్వాత నేను స్నానానికి వెళ్ళాను. సబ్బు పెట్టెలో ముక్క బోర్లా పడి ఉంది. తీసి చూస్తే అడుగు వైపున ఒక అక్షరం మిగిలే ఉంది, అక్క కత్తికి అందలేదు. లోతుగా, చక్కగా, మర మీద కొట్టిన అక్షరం. తడి చేతులతో ఆయన దాన్ని చూశాడు. చూసి, అక్క కంట పడకుండా కిందికి తిప్పి పెట్టాడు.

సబ్బు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఈ మనిషికి ఇంకా ఏమేం తెలుసు? తల ఊపి "మన రాత" అన్నప్పుడు నా ముఖంలో ఏం చదివాడు?

నేను కూడా దాన్ని అలాగే బోర్లా పెట్టి వచ్చాను.

బావకు ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. అక్క ఏమన్నా సరే చెప్పాలి.

రేపు చెప్తాను.